నోటి నిండా రాయి

ఆస్పత్రివాళ్ళు శవాన్ని ఇంకా ఇవ్వనే లేదు, కంట్రాక్టరు రాళ్ళ క్రషర్‌ని మళ్ళీ తిప్పించాడు. ఇనుప దవడల మీది నెత్తురు కడిగించనైనా లేదు. రాళ్ళే తుడిచేస్తాయిలే అన్నాడట!

ఆ మాట చెవిన పడి, చనిపోయినవాడి భార్య ఆస్పత్రి నుంచి పరుగున వచ్చింది. ఆమెదీ అక్కడే పని, జల్లెడ దగ్గర. వచ్చేసరికి కంట్రాక్టరు ఆమె మరిది చేతిలో గడ్డపార పెడుతున్నాడు.

"బండ అడ్డం పడితే పొడువు. మిషన్ ఆపావో, తాట తీస్తా. మీ అన్నలా నిద్రపోకు."

నిద్రపోయాడట! దవడలు రెండు. ఒకటి కదలదు, రెండోది ఆడుతూ బండని నలుపుతుంది. నలిగింది బెల్టు మీదుగా జల్లెడెక్కుతుంది. సన్నది రాలిపోతుంది, రాలని ముతకది మళ్ళీ దవడల్లోకే. అలాంటి నోటి అంచున నిలబడి, కాలు జారి, మోటారు ఆపమని అతడు అరిచాడు. ఆపనివ్వలేదు ఆ దుర్మార్గుడు.

"వీణ్ణి అందులోకే నెట్టేద్దాం బాబాయ్," అంది మిషన్ నడిపే ఆపరేటర్‌తో, పళ్ళు కొరుకుతూ.

"నెడితే రేపు ఇంకొకడొస్తాడమ్మా. నిండునోటితో ఆపేద్దాం."

చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. నోరు ఖాళీ కాకుండా క్రషర్ ఆపకూడదని పనిలో చేరిన రోజే నేర్పుతారు. నిండుగా ఉండగా ఆపితే మోటారు మళ్ళీ తిరగదు. మనిషి లోపలికి దిగి బండలన్నీ పెకలించాలి.

"మన కూలి పోతుందే!" అన్నాడు టిప్పర్ డ్రైవరు.

"పోనీ! మా అన్నే పోయాడు," అన్నాడు మరిది, గడ్డపార విసిరికొట్టి.

డ్రైవరు బండెక్కాడు. టిప్పరెత్తి అంచుదాకా బండలు కుమ్మరించాడు. ఆపరేటర్ పక్కకు జరిగాడు. ఎర్ర బటన్ ఆమే నొక్కింది.

కంట్రాక్టరు లబోదిబోమంటూ వచ్చాడు. "మీ దుంపలు తెగ! దిగండిరా, తియ్యండి!"

ఒక్కరూ కదల్లేదు. ఆమె గడ్డపార తెచ్చి అతని కాళ్ళ ముందు పడేసింది.

"నువ్వే దిగు. మోటారు దగ్గర నేను నిలబడతా."

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి ఆమె కడుపు కాస్త చల్లబడింది.

పోలీసులొచ్చి ఆమెనూ ఆపరేటర్‌నూ జీపెక్కించారు.

"ఎంతసేపు కూర్చుంటార్రా మీరు?" అన్నాడు కంట్రాక్టరు, క్రషర్ ముందు బైఠాయించిన మిగిలినవాళ్ళతో.

"నిన్నూ ఆ జీపెక్కించేదాకా," అన్నాడు మరిది.

జీపు మలుపు తిరిగేసరికి పక్క క్రషర్ మూలిగి, గుటుక్కున ఆగిపోయింది. దాని నోటి నిండా కూడా రాళ్ళే.

"అదెందుకు ఆగింది?" అన్నాడు కానిస్టేబుల్.

"అందులోనూ ఒకడు పోయాడు," అంది ఆమె. "వాడికీ పెళ్ళాముంది."