పేజీ అడుగున పిన్ని పేరు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. పిన్ని, బాబాయి, గువ్వ, పెద్దాయన, మాటలక్క. పిన్ని ఫోన్ని కూడా మనిషి కింద లెక్కేస్తే ఆరుగురు. పొద్దుటి నుంచి అందరికంటే ఎక్కువ వాగింది అదే.

రోజూ వచ్చే ఒక టీవీ సీరియల్‌ని నడిపేది పిన్ని. రాసేవాళ్లకు పెద్ద ఆమే, షూటింగ్ ఆగకుండా చూడాల్సిందీ ఆమే. పెద్దాయన, మాటలక్క ఆమె దగ్గర రాస్తారు. రచయితలంతా సమ్మెకు దిగి ఏడు వారాలైంది; ముందే రాసిపెట్టిన సీన్లతో షూటింగ్ నడుస్తోంది. ధర్నా శిబిరం నుంచి వీళ్లిద్దరూ భోజనానికి ఇక్కడికే వస్తారు. గువ్వ పిన్నికి అక్క కూతురు, చదువు కోసం ఇక్కడుంటోంది. ఎవరేమడిగినా తలూపడమే తప్ప నోరు విప్పదు.

"సమ్మె మీది, గరిటె నాది. నాకూ ఓ జెండా ఇవ్వండి," అన్నాడు బాబాయి వడ్డిస్తూ.

"నువ్వు సమ్మె చేస్తే మాది మూడో రోజుకే కూలుతుంది నాయనా," అన్నాడు పెద్దాయన.

ఫోన్ మళ్లీ మోగింది. పిన్ని వంటింట్లోకి వెళ్లింది. కంచాలు తుడుస్తున్న గువ్వకి ఛానల్ మేనేజర్ గొంతు స్పష్టంగా వినబడింది.

"తండ్రి వేషం వేసేవాడు ఆస్పత్రిలో పడ్డాడు. ఆ తండ్రిని ఇంట్లోంచి పంపించేసే సీను ఒక్కటి కావాలి. సాయంత్రంలోగా రాకపోతే సీరియల్ మూసేస్తాం. లైట్లవాళ్లు, మేకప్ వాళ్లు, అరవై మంది. వాళ్ల ఉసురు మీకే మేడం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిన్ని కుళాయి కట్టేయడం కూడా మరిచి నిలబడింది.

మాటలక్క చెప్పులేసుకుంటూ అంది: "నువ్వు రాయనంత వరకే మాకు బలం వదినా. నువ్వు రాశావో, మా తొమ్మిది మందితో వాళ్లకి పనే లేదు."

"నేనెందుకు రాస్తానే," అంది పిన్ని.

వాళ్లు వీధి మలుపు తిరిగాక పిన్ని గువ్వ చేతికి కాగితాలిచ్చింది. "నేను కలం ముట్టను. నేను చెబుతాను, నువ్వు రాయి."

గదిలో అటూ ఇటూ తిరుగుతూ నాలుగు పేజీలు చెప్పింది. తండ్రి రాసిపెట్టి వెళ్లిన ఉత్తరాన్ని కూతురు చదివే చోట కిటికీ వైపు తిరిగింది. పిన్ని సీన్లన్నీ సాపు రాసేది గువ్వే. అలవాటు కొద్దీ ప్రతి పేజీ అడుగునా పిన్ని పేరు రాసేసింది. 'పేరు లేకపోతే మన కష్టం దిక్కులేనిదవుతుందే' అని ఆ పద్ధతి నేర్పింది మాటలక్కే. పిన్ని కళ్లు తుడుచుకుని, కాగితాల వైపు సరిగా చూడకుండానే ఫోటోలు తీసి పంపేసింది.

గంట తిరక్కుండా మాటలక్క ఒక్కతే వచ్చింది. మేనేజర్ ఆ పేజీల్ని శిబిరానికే తెచ్చి అందరికీ చూపించాడట. 'అరవై మంది పొట్ట కోసం మీ పెద్దే రాసింది, ఇంక మీదేం సమ్మె?' అన్నాడట. ముగ్గురు అక్కడికక్కడే పనిలో చేరతామని సంతకాలు పెట్టేశారు.

"ఇది నీ పేరేనా వదినా?" అంటూ ఫోన్లో పేజీ అడుగు చూపించింది.

"నేను కలం ముట్టలేదు. ఒట్టు."

"మరెవరు రాశారు?"

పిన్ని గువ్వ వైపు చూడలేదు. "పిల్ల... నా పాత సీన్లు చూసి ఆటకి రాసుకుంది. పొరపాటున వెళ్లిపోయింది."

మాటలక్క గువ్వ ముందు వంగింది. "చెప్పమ్మా. నువ్వే రాశావా?"

ఒక్కసారి తలూపితే చాలు. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే అది. గువ్వ తల ఎత్తింది.

"నేనే రాశాను," అంది. "పిన్ని చెబుతుంటే."

మాటలక్క అరవలేదు. "అరవై మంది కోసమని నాతో ఒక్క ముక్క అనుంటే, నాలుగు తిట్టి పోయేదాన్ని. ఈ పసిదాని మీదికి తోశావే!" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఫోన్ మోగింది. సీను బాగుందట. రేపటిది ఎప్పుడని అడిగారు.

పిన్ని కాగితాల కట్ట తీసుకుని తన గదిలోకి నడిచింది. "పిన్నీ," అంటూ గువ్వ కలం పట్టుకుని గడప దాకా వెళ్లింది.

"అక్కర్లేదు. రేపటిది నేనే రాసుకుంటాను," అంది పిన్ని. తలుపు వేసేసుకుంది.