మైకు ఆన్ చెయ్యండమ్మా

చేటలోంచి రత్న మరో నల్ల గింజను ఏరి పక్కన పడేసింది. అనంతగిరి దగ్గరి కాఫీ షెడ్డులో పదకొండేళ్ళుగా ఆమెకు అదే పని. మంచి గింజలు ఉంచాలి. నల్లవి, విరిగినవి, పురుగు తొలిచినవి తీసెయ్యాలి. కుడిచేతి బొటనవేలి గోరు అరిగి ఒక పక్కకు వంగిపోయింది. వయసు ముప్పై ఎనిమిది. కూర్చున్నంతసేపూ వెన్ను నిటారుగానే ఉంటుంది. లేచేటప్పుడు మాత్రం మోకాళ్ళు పట్టుకుని కాసేపు ఆగుతుంది.

“ఒసే, కళ్ళెక్కడున్నాయే? ఈ నల్లది ఎలా వదిలేసినావు?” సూపర్‌వైజరు వీరభద్రరావు ఒక గింజను ఆమె ముందుకు విసిరాడు. అది పక్కనున్న అసిరమ్మ చేటలోది. అసిరమ్మకు చూపు తగ్గింది. రత్న గింజను తీసి చెత్తలో వేసింది.

ఒంటిగంటకు అన్నం తిని షెడ్డు వెనక బండ ఎక్కింది. సిగ్నల్ వచ్చేది అక్కడే. ఫోన్లో ఆట తెరిచింది. నలుగురు జట్టుగా దిగి, శత్రువుల తుపాకులకు దొరక్కుండా చివరిదాకా బతకాలి. జట్టులో మిగతా ముగ్గురు విశాఖపట్నంలో ఉద్యోగం చేసే వినయ్, సాలూరు నుంచి ఈమధ్యే చేరిన సౌజన్య, విజయనగరంలో రిటైరైన లెక్కల మేష్టారు దేవీప్రసాద్. ఎవరి మొహం ఎవరూ చూడలేదు.

మొదట్లో రత్న మైకు కట్టేసి ఆడేది. తన యాస విని నవ్వుతారని భయం. ఏడాది కిందట తప్పు దారిన పరిగెత్తి జట్టంతటినీ చంపించినప్పుడు వినయ్ నోటికొచ్చినట్టు తిట్టాడు. మేష్టారు మాత్రం, “రత్నగారూ, అక్కడ రెండు క్షణాలు ఆగాల్సింది. మైకు ఆన్ చెయ్యండమ్మా, మీరేం చూస్తున్నారో మాకూ తెలుస్తుంది” అన్నారు. అంతవరకూ ఆమెను గారూ అని, మీరు అని ఎవరూ పిలవలేదు. ఆ సాయంత్రం నీళ్ళు మోస్తూ ఆ మాటను రెండుసార్లు తనలో తాను అనుకుంది.

మేష్టారు రెండు రోజులుగా ఆటకు రావడం లేదు. ఇవాళ, మంగళవారం, ఆయన పేరు పక్కన ఆటలోకి వచ్చినట్టు పచ్చ చుక్క వెలిగింది. మాట్లాడింది ఆయన కాదు.

“నేను వాళ్ళమ్మాయినండి. నాన్నగారు ఆదివారం పొద్దున్న పోయారు. రోజూ మీతో ఆడేవారు కదా, ఎదురుచూస్తుంటారని చెబుతున్నాను.”

“ఏటైందమ్మా?” అంది రత్న.

“గుండెపోటండి. నిద్రలోనే.”

పచ్చ చుక్క ఆరిపోయింది. వినయ్, “ముగ్గురమే దిగుదామా?” అన్నాడు. దిగారు.

మూడో నిమిషంలో సౌజన్య ఆటలోని ఒక ఇంట్లోంచి ఖాళీ పొలంలోకి పరిగెత్తింది. కొండ మీంచి తూటా తగిలి కూలబడింది. జట్టులో ఎవరైనా వచ్చి లేపితేనే మళ్ళీ ఆడగలదు.

“బుర్రుందా నీకు? ఆడ్డం రాకపోతే ఫోన్ మూసుకుని పడుకో!” వినయ్ అరిచాడు.

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత సౌజన్య మైకు ఆగిపోయింది.

రత్న ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

“వినయ్, నోరు ముయ్యి. తప్పయితే తప్పని సెప్పు, మనిషిని తిట్టకు. నానూ ఇలాగే సచ్చినాను, నువ్వు ఇలాగే తిట్టినావు. నీ కాడ ఒక్క ముక్కయినా నేర్సుకున్నానా?”

రత్న తన బొమ్మను పొలం వైపు తిప్పింది.

“సౌజన్యగారూ, గోడ కాడికి పాకండి. నానొత్తన్నాను. కొండ మీదోడు గుండ్లు నింపుకునీదాకా కదలకండి.”

పొగబాంబు విసిరి, ఆ పొగలోంచి వెళ్ళి ఆమెను లేపింది. సౌజన్య మైకు మళ్ళీ వెలిగింది.

“అక్కా, ముందు గాయానికి కట్టు వేసుకోవాలా?”

“ఏసుకోండి. బేగి, ఆడు మళ్ళీ కాల్సీలోగా.”

ఆరో స్థానం దాకా వచ్చి ముగ్గురూ చచ్చిపోయారు. వినయ్ వెంటనే ఆటలోంచి వెళ్ళిపోయాడు. రేపు వస్తాడో రాడో. సౌజన్య మాత్రం, “రేపూ ఒంటిగంటకేనా అక్కా?” అని అడిగి వెళ్ళింది.

షెడ్డులో గంట కొట్టారు. ఫోన్ ఆపబోతూ రత్న మేష్టారి పేరు మీద నొక్కింది. శనివారం ఆయన తనకో బహుమతి పంపారు. ఆమె చూసుకోలేదు. ఆటలో తన బొమ్మకు పెట్టుకునే పసుపుపచ్చ గడ్డి టోపీ, అంచుకు ఎర్ర రిబ్బను; దాని కింద, మూడు రోజుల్లోగా, అంటే ఇవాళ్టిలోగా, తీసుకోవాలని రాసి ఉంది.