వక్రం వీడిన శని

మైకు జాలీ విప్పి, మగ్గులోని వేడినీళ్ళలో ముంచి, పాత పళ్ళబ్రష్షుతో తోముతున్నాడు సూరయ్య. నీళ్ళ మీద ముందు తెల్లటి నురగ తేలింది. తర్వాత గోధుమరంగు తెట్టు కట్టింది. నిన్న ఆ మైకులో పాడిన భజన బృందం, అంతకు ముందు ఉపన్యాసం దంచిన నాయకుడు, లక్కీడ్రా పేర్లు చదివిన మనిషి, అందరి ఉమ్మీ అందులోనే ఉంది. కిళ్ళీ, జర్దా, పచ్చి ఉల్లిపాయ, పుచ్చిన పన్ను. పెళ్ళిళ్ళకూ చావులకూ ఎన్నికలకూ మైకులు కట్టడంలోనే అతని వయసంతా అయిపోయింది. అయినా జాలీ విప్పినప్పుడల్లా ఇప్పటికీ ఊపిరి బిగబట్టుకుంటాడు. ముక్కు పక్కకు తిప్పుకుని తోముతాడు.

సన్నటి మనిషి. మెడ ఎప్పుడూ ఎడమ పక్కకు వాలి ఉంటుంది. కుడిచెవి స్పీకర్ల దగ్గరే పాడైపోయింది కనుక, ఎవరు మాట్లాడినా ఎడమచెవి అందిస్తాడు. టంకం కాల్చిన మచ్చలతో వేళ్ళ చివర్లు నల్లగా, గట్టిగా ఉంటాయి. ఎవరైనా అతన్ని గుర్తుపెట్టుకోవలసిన కారణం ఒక్కటీ లేదు. మైకు బాగా పలికితే మాట్లాడినవాణ్ణి మెచ్చుకుంటారు, కూతపెడితే మాత్రం "ఓ మైకు భయ్యా" అని కేకేస్తారు.

గుమ్మంలో లక్ష్ముడు కూర్చుని ఉన్నాడు. ఈపాటికి అతను జంగ్లీఘాట్ చేపల జెట్టీలో వలలు బాగుచేస్తూ ఉండాలి. ప్రోతరాపూర్ నుంచి వెళ్ళే మొదటి బస్సు ఎప్పుడో పోయింది.

"జెట్టీకి ఎల్లవేటి?" అడిగాడు సూరయ్య.

"ఎల్లను."

"ఏటయింది?"

లక్ష్ముడు బయట వానకేసి చూస్తున్నాడు. వెడల్పాటి వీపు, నెరిసిన ఉంగరాల జుట్టు, నైలాను తాడు కోసిన గీతలతో నిండిన అరచేతులు. తల తిప్పకుండానే అన్నాడు. "నిన్న టీ బడ్డీ కాడ నాకు కాయితం కప్పులో ఇచ్చినాడు. మిగతా అందరికీ గళాసుల్లోనే."

"గళాసులు అయిపోనాయేమో. ఛోడో, ఒగ్గెయ్."

"కడిగి బోర్లించినవి ఉన్నాయి, సూరీ. నాను సూసినాను."

సూరయ్య బ్రష్షు విదిలించాడు.

వాళ్ళిద్దరూ కలిసి ఉండడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయిందో వీధిలో ఎవరూ లెక్క కట్టలేదు. సూరయ్య భీమిలి వైపు నుంచి, లక్ష్ముడు కళింగపట్నం దగ్గరి పల్లె నుంచి వేరువేరు ఓడల్లో ఈ దీవులకు వచ్చారు. నూకాలమ్మ పండక్కి సూరయ్య స్పీకరు కడుతుంటే స్తంభం కింద నిచ్చెన పట్టుకున్నవాడు లక్ష్ముడు. సునామీలో ఒడ్డునున్న గుడిసె పోయాక ఈ రెండు గదుల ఇంట్లోకి వచ్చారు. ఎవరైనా అడిగితే "మేనత్త కొడుకు" అని చెప్పేవాళ్ళు. ఒకళ్ళకు జ్వరమొస్తే ఒకళ్ళు గంజి కాచేవాళ్ళు. పక్కింటి కాశమ్మ చేపల తట్ట దింపుకోగానే నేరుగా వీళ్ళ వంటగదిలోకొచ్చి ఉప్పో మిరపకాయలో పట్టుకుపోయేది. ఎవరికీ ఏమీ తోచలేదు. తోచినా, అనడానికి ఎవరి దగ్గరా మాట లేదు.

పోయిన వారం ఆ మాట టీవీలో వచ్చింది. మగవాడూ మగవాడూ కలిసి బతకడం ఇక నేరం కాదని పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. ఢిల్లీలో కుర్రవాళ్ళు రంగురంగుల జెండాలు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుని ఏడుస్తున్నారు. లక్ష్ముడు అన్నం కలుపుతూ ఆగి, "ఆళ్ళేటి అలా ఏడస్తన్నారు?" అని అడిగాడు.

"ఇంక జైలు లేదంట."

"మనకి జైలుందని నాకు తెల్దే," అన్నాడు లక్ష్ముడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు. జెట్టీలో ఎవడో, "ఏం లక్ష్మన్నా, కోర్టోళ్ళు మీకు లైసెన్సు ఇచ్చేసినారంట గదా," అన్నాడు. ఆ తర్వాత వల అవతలి కొస పట్టుకోవడానికి ఎవరూ రాలేదు.

సూరయ్య జాలీని గుడ్డతో తుడిచి మైకుకు బిగించాడు. లక్ష్ముడు లేచి అతనికి ఎడమవైపు వచ్చి నిలబడ్డాడు.

"ఇయ్యాల నువ్వెల్లకు."

ఎందుకో ఇద్దరికీ తెలుసు. వినాయకుడి పందిట్లో ఈ సాయంత్రం రాజమండ్రి నుంచి వచ్చిన సిద్ధాంతిగారి ప్రసంగం. 'తీర్పు వెనుక గ్రహస్థితి' అని జంగ్లీఘాట్ అంతా కాగితాలు అంటించారు.

"వాసుదేవ్ భయ్యా ఊరుకుంటాడేటి? నాను ఎల్లకపోతే ఇంకోడు ఎల్తాడు. మైకు ఆగిపోద్దేటి?"

"మైకు ఆగక్కర్లేదు. నువ్వాగితే సాలు."

బయట మైకుసెట్ల యజమాని వాసుదేవ్ వ్యాను హారను మోగింది. సూరయ్య వైర్ల చుట్ట భుజాన వేసుకున్నాడు.

"సాయంత్రం వైజాగ్ షిప్పుంది," అన్నాడు లక్ష్ముడు వెనకనుంచి.

"ఎవులెల్తన్నారు?"

"ఎవులో ఎల్తారు."

సూరయ్య వానలో వ్యాను దగ్గరికి పరుగెత్తాడు.

పందిట్లో నీళ్ళు కారుతున్న చోటల్లా ప్లాస్టిక్ పట్టాలు కట్టాడు. తడి తగలకుండా స్పీకర్లను ఇటుకల మీద ఎత్తి పెట్టాడు. మధ్యాహ్నం కమిటీవాళ్ళు పెట్టిన పులిహోర తిన్నాడు. పాచిపోతున్న పూలదండల కింద ఈగలు ముసురుతున్నాయి. మూడు పూటలుగా పెట్టిన నైవేద్యాలు తీసేవాళ్ళు లేక విగ్రహం పాదాల దగ్గరే పులిసిపోయాయి. ఆ వాసనా, తడిసిన తివాచీ వాసనా కలిసి గొంతులో కూర్చున్నాయి.

చీకటి పడే వేళకు సిద్ధాంతిగారు వచ్చారు. పచ్చటి మనిషి. బొజ్జ మీద పట్టు ఉత్తరీయం, చెవులకు పోగులు, పక్కన ముక్కుపొడి డబ్బీ. ఆయన ఉత్తరీయానికి కాలరు మైకు తగిలించడానికి సూరయ్య దగ్గరగా వంగవలసి వచ్చింది. ముక్కుపొడీ, సెంటూ, చెమటా కలిసిన వాసన. వైరు లోపలినుంచి తీస్తున్నంతసేపూ ఆయన సూరయ్య తలమీదుగా జనాన్ని చూస్తూ ఉన్నాడు, దర్జీ కొలతలు తీస్తుంటే నిలబడినట్టు.

కుర్చీలు నిండాయి. ముందు వరసలో ఆడవాళ్ళు, వెనక జెట్టీ మనుషులు. పక్కనున్న తన బల్ల దగ్గరికొచ్చి సూరయ్య హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. స్పీకర్లకు వెళ్ళే నాబ్ ఇంకా సున్నా మీదే ఉంది. సిద్ధాంతి మైకు మాత్రం అతని చెవిలో పలుకుతోంది. వేదిక వెనక కమిటీ పెద్ద భానుప్రకాష్ ఆయనతో మాట్లాడుతున్నాడు. సిమెంటు, ఇనుప సామాన్ల వ్యాపారి. పందిరి ఖర్చులో ఎక్కువ భాగం అతనిదే.

"కైసా చెప్తారు పండిట్‌జీ? తీర్పు మంచిదనా, చెడ్డదనా?"

"రెండూ కుదురుతాయండీ," అన్నాడు సిద్ధాంతి తాపీగా. "ఆ రోజు గురువారం, శ్రావణ బహుళ ఏకాదశి. వేసవినుంచి వెనక్కి నడుస్తున్న శని సరిగ్గా ఆ రోజే వక్రం వీడి రుజుగతిలో పడ్డాడు. శని అంటే న్యాయం. తక్కెడ రాశిలో గురువూ శుక్రుడూ కలిసి ఉన్నారు. ఇన్నాళ్ళూ వెనక్కి నడిచిన న్యాయం ముందుకు అడుగు వేసింది, ప్రేమకు పెద్దరికం తోడు నిలిచింది, ఎవరి బతుకు వాళ్ళు తలెత్తుకు బతికే రోజు వచ్చింది."

సూరయ్య చెయ్యి నాబ్ మీద ఆగిపోయింది. హెడ్‌ఫోను ఎడమచెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. తన బతుకు గురించి ఇంత శుభ్రమైన మాటలు అతను ఎప్పుడూ వినలేదు. మైకులో గాని, మామూలుగా గాని. ఇంటికెళ్ళగానే లక్ష్ముడికి చెప్పాలనుకున్నాడు. శని ఆ రోజే తిన్నగా నడిచాడంట, లక్ష్ముడూ. కళ్ళు చెమ్మగిల్లాయి.

"మొన్న బెంగళూరునుంచి ఎవరో ఫోను చేసి అడిగితే అలాగే చెప్పాను. పాపం, ఏడ్చేశాడు," అని సిద్ధాంతి చిన్నగా నవ్వాడు. "మరి ఇక్కడ మీకెలా కావాలి? గ్రహాలు అవే."

"ఇక్కడ అలా నడవదు," అన్నాడు భానుప్రకాష్. "ఫ్యామిలీలు వస్తాయి. గట్టిగా తిట్టండి. ఈ గలీజు మన దీవుల్లోకి రాకూడదు."

"సరే. మకరంలో కుజుడి పక్కన కేతువు ఉన్నాడు. దానితో మొదలుపెడతాను. ఎక్కడ ఆకేస్తే అక్కడే వడ్డిస్తాం." ఆయన ముక్కుపొడి పీల్చిన చప్పుడు సూరయ్య చెవిలో బుసకొట్టింది.

నాలుక మీద ఏదో పాకినట్టయింది సూరయ్యకు. ఆయన తిట్టబోతున్నాడన్నందుకు కాదు. తిట్లు కొత్తవి కావు. బట్టల కొట్టువాడు రెండు రంగుల తానులు విప్పి చూపించినట్టు ఆ మనిషి రెండు జోస్యాలూ చూపించాడు. అందులో ఒక రంగు చూసి తాను కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా అసహ్యం వేసింది.

నాబ్ వేళ్ళ కిందే ఉంది. కొంచెం తిప్పితే చాలు, వాళ్ళ మాటలు పందిరంతా వినిపించేవి. ముందు వరస ఆడవాళ్ళూ, వెనక జెట్టీవాళ్ళూ, అందరూ వినేవాళ్ళు. తర్వాత వాసుదేవ్ ఏమంటాడు, రేపటినుంచి ఈ ఊళ్ళో ఎవరు పని ఇస్తారు, ఎందుకు తిప్పావంటే ఏం చెబుతాడు? ఆ జవాబు నోట్లోంచి వచ్చాక ప్రోతరాపూర్‌లో ఎవరు ఇల్లు ఉంచుతారు? అతను ఆలోచిస్తుండగానే వాళ్ళ మాటలు అయిపోయాయి. సిద్ధాంతి వేదిక ఎక్కి కూర్చుని, చెయ్యెత్తి సైగ చేశాడు. సూరయ్య నాబ్ తిప్పాడు.

"ఉచ్చస్థానంలో ఉన్న కుజుడు మగతనానికి కారకుడు," అని మొదలుపెట్టాడాయన. "ఆ కుజుణ్ణి పట్టుకుని కూర్చున్నాడు తలలేని కేతువు. మగతనానికి తల పోయింది. ధర్మాన్ని చెప్పవలసిన గురువు శుక్రుడి ఇంట్లో భోగాలకు లోబడి కూర్చున్నాడు. అందుకే ఇటువంటి తీర్పు వచ్చింది. ఇది చీడ. పొలంలో చీడ పడితే రైతు ఏం చేస్తాడు? మీ ఇళ్ళ మధ్య, మీ వీధుల్లో ఎవరు ఎవరితో ఎలా ఉంటున్నారో కనిపెట్టి చూసుకోండి."

జనం నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు తల తిప్పి ఇటువైపు చూశారు. తన వైపు చూశారో, తన పక్కనున్న స్పీకరు వైపు చూశారో సూరయ్యకు తెలియలేదు. తల వంచుకుని మీటలు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే మైకు సన్నగా కూసింది. సిద్ధాంతి మాట ఆపి, చెవులు మూసుకుని ఇటు చూశాడు. సూరయ్య వేళ్ళు ఆలోచించలేదు. పైస్థాయి కొంచెం తగ్గించి, గొంతు మధ్యలో బరువు పెంచి, వాన చప్పుడుకు తగ్గట్టు వాల్యూమ్ సరిచేశాయి. గొంతు గుండ్రంగా, గంటలా పలికింది. "చీడ" అన్న మాట చివరి కుర్చీ దాకా, రోడ్డవతలి కొట్ల దాకా వెళ్ళింది. ఇంత బాగా ఈ మధ్య ఎప్పుడూ కుదరలేదు. తన చేతుల్ని చూసుకుని సూరయ్య వాటిని బల్ల కిందికి లాక్కున్నాడు. అవి ఇంకొకరివైతే బాగుండుననిపించింది.

హడ్డో రేవు వైపునుంచి ఓడ కూత వినిపించింది. పొడుగ్గా, లోతుగా, రేకు కప్పులు అదిరేలా. సిద్ధాంతి ఆగి, వేలెత్తి, "తథాస్తు," అన్నాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ప్రసంగం అయ్యాక కాలరు మైకు తీస్తుంటే ఆయన సూరయ్య భుజం తట్టాడు. "చాలా బాగా వినిపించావయ్యా. పెద్ద పెద్ద ఊళ్ళలో కూడా ఇంత బాగా వినిపించరు. పిల్లలెంతమంది?"

"లేరండి."

"ఆవిడకేమైనా దోషం ఉందేమో. రేపు జాతకం పట్టుకురా, చూస్తాను." చేతిలో లడ్డూ పెట్టాడు.

జనరేటరు వెనకకు వెళ్ళి సూరయ్య లడ్డూ కొరికాడు. మింగుడు పడలేదు. వంగి, గోడ పట్టుకుని, పొద్దుటినుంచి తిన్నదంతా కక్కాడు. వాంతిని వాన కడిగేసింది. నోరు పుక్కిలించి వచ్చి వైర్లు చుట్టాడు. ఒక్క చుట్టూ చిక్కు పడలేదు.

బస్సులో తడిసిన మనుషుల మధ్య నిలబడి వచ్చాడు. ఎవరో ఒకావిడ ఫోనులో అప్పుడే ఆ ప్రసంగం రికార్డు పెట్టుకుని వింటోంది. తాను సరిచేసిన గొంతే. దారిపొడుగునా విన్నాడు. లక్ష్ముడికి ఏం చెప్పాలో ఆలోచించాడు. మొదటి మాటలు మాత్రమే చెబుదామనుకున్నాడు, శని తిన్నగా నడిచాడన్నవి. ఎవరు అన్నారని అడిగితే మాత్రం చెప్పకూడదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల దీపం లేదు. అలికిడికి పక్కింటి కాశమ్మ బయటికి వచ్చి తన అరుగు మీదే నిలబడింది. ఈ గుమ్మంలోకి రాలేదు.

"ఎల్లిపోనాడు అన్నా," అంది. "షిప్పుకి."

"ఎక్కడికి?"

"సొంతూరికే గావాల. నాలుగు రోజుల కింద మా ఆయన సేత టికెట్టు తీయించినాడు. నీకు సెప్పలేదేటి?"

సూరయ్య ఎడమచెవి ఆమె వైపు తిప్పి నిలబడ్డాడు, ఇంకా ఏదైనా చెబుతుందేమోనని.

"నిన్ను అడిగి సూసి, నువ్వాగితే తానూ ఆగిపోతానన్నాడు," అంది కాశమ్మ. ఆమె గొంతు తగ్గింది. "నువ్వు వ్యానెక్కినాక సానాసేపు అక్కడే నిలబడ్డాడు. అప్పుడు సంచి సర్దినాడు. ఆటోవోడు ఇంత దూరం రానన్నాడంట. యూరియా సంచి తలమీద కప్పుకుని రోడ్డుదాకా నడిసెల్లినాడు, అంత వానలో."

ఇంకేదో అనబోయి, వీధిలో ఎవరో వస్తుంటే చూసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

సూరయ్య చొక్కాలోంచి నీళ్ళు గుమ్మం మీద కారుతున్నాయి. చెయ్యి చాపి లైటు వేశాడు. తలుపు పక్కన మేకుకు, ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ చక్కగా మడిచి, దారం చుట్టి, పొడిగా వేలాడుతోంది.