తొమ్మిదో తరగతి గొంతులు

తుంగలంక హైస్కూల్లో పొద్దున్న ప్రార్థన అయ్యాక సిల్వియా టీచర్ తొమ్మిదో తరగతి గదికి వచ్చి, కిటికీ రెక్కలు తెరిచి, బల్ల మీద పిచ్చుకలు వేసిన రెట్టలు తుడిచి, హాజరు పిలిచేది. రిజిస్టర్లో ఇరవై మూడు పేర్లు. బెంచీల మీద తొమ్మిది మంది. అయినా ఇరవై మూడు మందీ పలికేవాళ్ళు.

"ఏసుకుమార్."

"ప్రెజెంట్ టీచర్."

ఏసుకుమార్ వేసవి సెలవుల తర్వాత బడికి రానేలేదు. చేపల చెరువు మీద మేత చల్లుతున్నాడు. అతని గొంతు మాత్రం కిటికీ పక్క బెంచీ మీంచి కాస్త జలుబు చేసినట్టు రోజూ పలికేది. కొల్లేటి మధ్య ఉన్న ఆ ఊళ్ళో అంతే. బడి మానేసిన పిల్లల గొంతులు బళ్ళోనే ఉండిపోయేవి. పిల్లలు చెరువు గట్ల మీదా, రొయ్యలు వలిచే షెడ్లలోనూ సైగలతో సరిపెట్టుకునేవాళ్ళు. టీచర్ ఆ పేర్ల ఎదురుగా ఎర్ర ఇంకుతో ఆబ్సెంట్ వేసి, పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేది. గొంతులు పాఠాలు వినేవి, ఎక్కాలు చదివేవి, సందేహాలు అడిగేవి. పరీక్షలు మాత్రం రాయలేకపోయేవి.

అలా మానేసిన పద్నాలుగు మందిలో ఆఖరిది ప్రసూన, ఆగస్టులో మానేసింది. ఆ అమ్మాయి పూర్తి పేరు జ్ఞానప్రసూనాంబ. క్లాసులో అందరికంటే బాగా పాడేది. తల్లి మరిడమ్మకి షెడ్డులో ఐసు నీళ్ళలో రొయ్యలు వలిచి వలిచి వేళ్ళు పుళ్ళు పడ్డాయి. తండ్రి కొండబాబుకి చెరువు కాపలా. తల్లి బదులు కూతురు షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది.

రెండో వారం సిల్వియా టీచర్ వాళ్ళింటికి వెళ్ళింది. మరిడమ్మ మంచం వాల్చి కూర్చోమంది.

"పిల్లని పంపించమ్మా. బాగా చదువుతుంది."

"మీరు చెప్పేది నాకు తెలీక కాదండీ టీచర్ గారూ," అంది మరిడమ్మ. గుడ్డ చుట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఈ చేతులు ఒకసారి చూడండి. ఇవి మానాక పంపిస్తాను."

"ఎప్పటికి మానతాయంటున్నారు?"

"డాక్టరు గారు ఐసులో పెట్టకపోతే మానతాయన్నారండి."

ప్రసూన గుమ్మంలో నిలబడి వింటోంది. టీచర్ ఆమె వైపు తిరిగి, "నువ్వేమంటావే?" అంది. ప్రసూన నోరు తెరిచి, మూసి, తల దించుకుంది. ఆమె గొంతు అప్పటికే నాలుగో బెంచీ మీద ఉంది.

డిసెంబరులో హాఫ్ ఇయర్లీ పరీక్షలు అయిన వారానికి ఏలూరులో స్కూళ్ళ పాటల పోటీ పెట్టారు. సిల్వియా టీచర్ తాతగారు మిషన్ బళ్ళో పంతులుగా చేశారు. పిల్లల చేత పాడించడం ఆమెకి ఇంట్లో వచ్చిన విద్య. కొల్లేటికి వచ్చే గూడబాతుల మీద తనే ఒక పాట కట్టి నేర్పింది. పోటీ రోజున తొమ్మిది మంది పిల్లల్ని ఆటోలో ఎక్కించి, రిజిస్టర్ సంచీలో పెట్టుకుంది. రిజిస్టర్ ఎక్కడికి వెళ్తే గొంతులు అక్కడికి వస్తాయి.

స్టేజీ మీద తొమ్మిది మంది నిలబడ్డారు. ఇరవై మూడు మంది పాడారు. రెండో చరణంలో ప్రసూన గొంతు ఒక్కటే పైకి లేచి, హాలు చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. వెనక కుర్చీల్లో కబుర్లు చెప్పుకుంటున్న పెద్దవాళ్ళు ఆపేశారు.

మొదటి బహుమతి ప్రకటించాక జడ్జీగా వచ్చిన పెద్దావిడ, "మిగతా పిల్లల్ని కూడా పైకి పిలవండి, ఫొటో తీసుకుందాం," అంది.

"రాలేకపోయారండీ," అంది సిల్వియా టీచర్. "పనిలో ఉన్నారు."

ఆవిడ తల ఊపి, షీల్డు తొమ్మిది మంది చేతుల్లో పెట్టింది.

ఆ షీల్డు చూసుకుని హెడ్మాస్టరు ఫణీంద్ర గారు చాలా ఆశ పెట్టుకున్నారు. పిల్లలు తక్కువున్న బళ్ళను మూసి, రోడ్డు మీదున్న పెద్ద స్కూల్లో కలిపేస్తారని అప్పటికే చెప్పుకుంటున్నారు. జనవరిలో తనిఖీకి అధికారి వచ్చిన రోజున ఫణీంద్ర గారు షీల్డు బల్ల మీద పెట్టి, సిల్వియా టీచర్‌ని హాజరు పిలవమన్నారు. ఇరవై మూడు మందీ పలికారు. అధికారి చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాకు వినపడుతున్నారండీ మాస్టారూ," అన్నాడు. "కానీ ఈ ఫారంలో వినపడేవాళ్ళకి గడి లేదండి. కనపడేవాళ్ళకే ఉంది."

నెలాఖరుకి బడి మూసేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. సిల్వియా టీచర్‌ని కామవరపుకోట వైపు వేశారు. పెద్ద స్కూలు పదకొండు కిలోమీటర్లు. గట్టు మీద మూడు కిలోమీటర్లు నడిస్తే గానీ ఆటో దొరకదు. ఉన్న తొమ్మిది మందిలో ఐదుగురి నాన్నలు, ఇక చాల్లెండి అనేశారు. నలుగురిని చుట్టాల ఊళ్ళకి పంపించారు.

చివరి రోజున సామాను వ్యానెక్కిస్తుండగా ఫణీంద్ర గారు, "రిజిస్టర్లు బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నారమ్మా," అని చెప్పారు. సిల్వియా టీచర్ ఖాళీ గదిలోకి వెళ్ళి కూర్చుంది. బెంచీలు కూడా తీసేశారు. ఆమె రిజిస్టర్ తెరిచి పేర్లు పిలిచింది. పలికిన ప్రతి గొంతుకీ, "ఇంటికి వెళ్ళు నాన్నా," అని చెప్పింది. ఏసుకుమార్ గొంతు ముక్కు ఎగబీల్చి, "అలాగే టీచర్," అని కిటికీలోంచి వెళ్ళిపోయింది. ఒక్కొక్కటీ వెళ్ళాయి.

"జ్ఞానప్రసూనాంబ."

"ప్రెజెంట్ టీచర్."

"ఇంటికి వెళ్ళమ్మా."

"నేను వెళ్ళనండి టీచర్. అక్కడ నాతో ఎవరికీ పని లేదండి."

సిల్వియా టీచర్ రిజిస్టర్ ఒళ్ళో పెట్టుకుంది.

"పనుందో లేదో నాకూ తెలీదమ్మా," అంది. "ఇక్కడ మాత్రం ఇక ఎవరూ ఉండరు. బీరువాలో ఎన్నాళ్ళుంటావు?"

కాసేపటికి గదిలో ఎవరూ లేనట్టు తెలిసింది. టీచర్ రిజిస్టర్ మూసి, కళ్ళు తుడుచుకుని, తాళం వెయ్యడానికి ఇచ్చేసింది.

మూడో రోజు పొద్దున్న షెడ్డు ముందుకి వ్యాన్ వచ్చింది. ఎక్కడో దక్షిణాన హాస్టల్ ఉన్న పెద్ద రొయ్యల ఫ్యాక్టరీకి ఆడపిల్లల్ని తీసుకెళ్తున్నారు. మూడేళ్ళ దాకా ఇంటికి పంపరు. మరిడమ్మ ప్రసూన బట్టలు సంచీలో సర్ది తీసుకొచ్చింది. పిల్లల్ని పనికి కుదిర్చే జోసెఫ్ మేస్త్రీ పుస్తకం పట్టుకుని వరస వెంబడి వస్తున్నాడు. ప్రతి పిల్లనీ, "పద్దెనిమిది నిండాయి కదమ్మా?" అని అడుగుతాడు. ఎప్పుడూ ఎవరూ ఏమీ అనరు. అనడానికి గొంతులుండవు. అతను రాసుకుని ముందుకి వెళ్తాడు.

వరసలో ప్రసూన ముందు ఏంజెల్ ఉంది. ఆమె కూడా బడి మానేసిందే, గొంతు మొన్న సాయంత్రమే తిరిగి వచ్చింది. ఏమనాలో ఇంట్లో చెప్పి పంపించారు. "నిండాయండి," అంది. మేస్త్రీ కొంచెం తెల్లబోయి రాసుకున్నాడు.

"నీకూ పద్దెనిమిదే కదమ్మా?"

"పద్నాలుగండి," అంది ప్రసూన.

షెడ్డు దగ్గర రొయ్య తలలు ఎత్తుతున్నవాళ్ళు ఇటు తిరిగారు. ఆమె గొంతు అంత స్పష్టంగా ఉంది.

"సరిగ్గా చెప్పమ్మా."

"సరిగ్గానే చెబుతున్నానండి. పద్నాలుగు. ఆగస్టుకి పదిహేను వస్తాయి."

జోసెఫ్ మేస్త్రీ కలం మూశాడు. అతనికి కోపం రాలేదు. "నువ్వు చెప్పకపోతే నాకు తెలీనట్టే. చెప్పావు కాబట్టి విన్నట్టే. విన్నాక రాయలేను," అని, మరిడమ్మ వైపు చూసి, "తీసుకెళ్ళండమ్మా," అన్నాడు.

వ్యాన్ వెళ్ళిపోయింది. ఏంజెల్ వెనక కిటికీలోంచి చూస్తూనే ఉంది. మరిడమ్మ కూతురి సంచీ భుజాన వేసుకుని గట్టెక్కింది. సగం దూరం నడిచాక, "ఆ ఒక్క మాట అనలేకపోయావా?" అంది.

"రాలేదమ్మా," అంది ప్రసూన. "అందామనే నోరు తెరిచాను. ఇది వచ్చింది."

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. కొండబాబు ఒకసారి కూతురి వైపు, ఒకసారి భార్య చేతుల వైపు చూసి, కాపలాకి వెళ్ళిపోయాడు.

సోమవారం తెల్లారుతుండగా షెడ్డు ఆటో వచ్చి హారన్ కొట్టింది. మరిడమ్మ వేళ్ళకి కొత్త గుడ్డలు చుట్టుకుని బయల్దేరింది. ప్రసూన పాత యూనిఫాం తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆరు నెలల్లో అది పొట్టిదైపోయింది.

మరిడమ్మ ఆటో ఎక్కి, కూతురి వైపు చూడకుండా, "అన్నం గిన్నెలో పెట్టాను," అంది. "పెద్ద స్కూలు దారిలో, గట్టు మీద నీళ్ళున్న చోట చెప్పులు చేత్తో పట్టుకుని నడు. తెగితే మళ్ళీ కొనలేం."

"అలాగే," అంది ప్రసూన.

ఆటో కదిలింది.