పాతర తెరిచిన రోజు

గడ్డికి మందేమిటని ఆయన్ని నేను తిట్టని తిట్టు లేదు. పచ్చి మొక్కజొన్న చొప్ప నరికి, ఎంజైము పొడి కలిపిన నీళ్ళు చల్లి, పాతరలో రోలరుతో తొక్కించి, గాలి చొరకుండా పట్టా కప్పాలట. ఆ పొడి చొప్ప పీచును కరిగించి తీపి బయటికి తెస్తుందట. ఆ తీపి పులిసి మేతను చెడకుండా కాపాడుతుందట.

"గొడ్లకి ఊరగాయ పెడుతున్నారా?" అన్నాను.

"నీ చేతి ఊరగాయ కంటే బాగానే కుదురుతుందిలే," అన్నారు.

పట్టా కప్పిన వారంలోనే ఆయన గుండె ఆగిపోయింది.

మరిది మంచివాడే, కాకపోతే తొందర మనిషి. "వదినా, ఒంటిచేత్తో ఇన్ని గొడ్లని ఎలా సాకుతావు? ఆ పాతర గనక కుళ్ళిపోయుంటే ఎండాకాలం మేతే ఉండదు. అమ్మేద్దాం," అన్నాడు.

"తెరిచి చూద్దాం. కుళ్ళితే నువ్వన్నట్టే చేద్దాం," అన్నాను. అన్నానే గానీ, గొడ్లు కూడా వెళ్ళిపోతే ఆయన రెండోసారి పోయినట్టే నాకు.

మేత మాగే గడువు నిండాక మరిది ఓ పక్కనుంచి పట్టా ఎత్తాడు. పుల్లటి వాసన గుప్పుమంది. గుప్పెడు మేత తీసి నలిపి చూశాడు. బూజు లేదు, జిగట లేదు. మా పొగరుబోతు ఆవు, ఏది పెట్టినా ముందు మొహం తిప్పుకునేది, ఆ వాసనకి పలుపు తెంచుకున్నంత పని చేసింది.

"అన్నయ్య సాధించాడు," అని మరిది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

అప్పుడు చూశాను పాతర గోడ మూలన. రోలరు అందని ఆ చోట ఆయనే దిగి తొక్కారు. కుడికాలు ఈడ్చే మనిషి, బరువంతా ఎడమ మడమ మీదే. మేతలో ఆ మడమ గుంటలు అలాగే ఉన్నాయి. ఆ మట్టికాళ్ళతో ఇంట్లోకి రావద్దనే కదా రోజూ ఆయనతో దెబ్బలాడాను.

"ఈ మూల ముట్టుకోకు. మళ్ళీ కప్పెయ్," అన్నాను.

"గాలి తగిలాక ఆగదు వదినా. కప్పినా బూజు పడుతుంది, పక్క మేతకీ పాకుతుంది."

నాకు తెలియదా? తెరిచిన చోట మిగల్చకూడదని ఆయన చెప్పిన మాటే అది. తెలిసినా ఏడుపు ఆగలేదు.

ఆ మూలలో పార పెట్టనివ్వలేదు. నా చేతులతోనే తీసి గంపకెత్తి, పొగరుబోతు ముందు పోశాను. అది ఒక్క పరక కూడా మిగల్చలేదు.