చూసినవాళ్ళు

యాన్సెన్‌ను పట్టపగలు, నడిసంతలో, వందమంది చూస్తుండగా చంపారు.

సైన్యం లోయ వదిలి పోవాలంటూ విద్యార్థులు తీసిన ఊరేగింపు మీద సైనికులు కాల్పులు మొదలెట్టగానే అందరూ తలో దిక్కూ పరుగెత్తారు. యాన్సెన్ సంతలోకి వచ్చి, మెర్సియానా అమ్మకానికి పోసుకున్న చిలగడదుంపల కుప్ప మీద తూలిపడ్డాడు. “అక్కా, దాసిపెట్టు” అన్నాడు. ఆమె చెయ్యి చాచేలోపే తుపాకీ మడమ అతని నోటి మీద దిగింది. పళ్ళు దుంపల్లో రాలాయి. ముగ్గురు సైనికులు. ఒకడు మెడ మీద బూటు పెట్టి తొక్కిపట్టాడు. మిగతా ఇద్దరూ కదలిక ఆగేదాకా కొట్టారు. ఆగిన తర్వాత కూడా కొట్టారు. కాళ్ళు పట్టి ఈడ్చుకెళ్ళి ట్రక్కులోకి విసిరారు.

సంత మళ్ళీ సాగింది. మెర్సియానా కాలవలో దుంపలు కడిగింది. సాయంత్రం వాటినే అమ్మింది.

మర్నాడు రేడియో చెప్పింది: లోయలో ఎవరూ చనిపోలేదు, తాగిన విద్యార్థి ఒకడు ట్రక్కు నుంచి దూకి పారిపోయాడు.

మూడోరోజు దొర్తేయా వచ్చింది. ఈ లోయ పిల్లే. తీరంలోని పట్నంలో లా చదివి, చర్చివాళ్ళ మానవహక్కుల బృందంలో పనిచేస్తోంది. ఆదివారం ప్రార్థన అయ్యాక నలభైమంది చర్చిలోనే కూర్చుండిపోయారు. దొర్తేయా నోటుపుస్తకం తెరిచింది.

“జూసినోళ్ళు జెప్పుండ్రి. ఎన్నిగంటలకు, ఎంతమంది, ఎట్ల గొట్టిండ్రు. విన్నది వద్దు, జూసింది గావాలె.”

ఎలియుస్ లేచాడు. యాన్సెన్‌తో కలిసి ఊరేగింపులో నడిచినవాడు. తలకు కట్టు ఉంది.

“కాయితం జూసి తూటా ఆగుతదా? మా అన్నను జంపినప్పుడు గూడ ఎవరో వచ్చి రాసుకపోయిండ్రు. ఏమైంది? నువ్వు రాస్కోని తీరానికి పోతవ్. ఈడ మా గుడిసెలు కాల్తయ్.”

“ఆగదు. ఆగుతదని నేనెప్పుడన్న?” దొర్తేయా గొంతు పెంచలేదు. “ఎలియుస్, మీ అన్న పేరు మిల్ట్రోళ్ళ రికార్డుల ఎట్లున్నదో తెలుసా? పారిపోయిండని ఉన్నది. రేపు నిన్ను జంపి గూడ గదే రాస్తరు. ఎవ్వడూ సావలేదంటే జంపినోడు ఎవ్వడూ లేడన్నట్టే గద. లేనోన్ని ఎవరడుగుతరు? ఇంక నేను తీరానికేం పోతలేను. ఈడ్నే ఉంట.”

వెనక వరసలోంచి మగ్దలేనా ముసలమ్మ రెండు చేతులూ పైకెత్తింది. ఇంట్లో చావు జరిగితే ఆడవాళ్ళు వేళ్ళు కోసివ్వడం లోయలో పాత ఆచారం; అలా ఇచ్చినవి పోగా ఆరు మిగిలాయి.

“మా అయ్యకు రెండిచ్చిన. కొడుక్కు రెండిచ్చిన. ఏడ్సి ఏడ్సి ఇంటికి పోయిన. ఎవడు జంపిండని ఎన్నడన్న అడిగిన్నా? రాయి బిడ్డా. నేను ఆకుకూరలకాడ ఉన్న. సూర్యుడు గుట్ట దాటిండు. ముగ్గురొచ్చిండ్రు.”

మెర్సియానా తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

“నా దుంపల మీదనే పడ్డడు. అక్కా అన్నడు.” ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. “నెత్తురు కడిగి అయ్యే దుంపలమ్మిన. మీరు దిన్నరు. అది గూడ రాయి.”

ఆ మాటతో కట్ట తెగినట్టయింది. ఒకరి తర్వాత ఒకరు లేచారు. పదకొండోవాడు చెబుతుండగా ట్రక్కు చప్పుడు వినిపించింది.

తలుపు విరిగి లోపలికి పడింది. బల్లల మీద నుంచి దూకుతూ సైనికులు కొట్టారు. పిల్లతల్లి అని చూడలేదు, ముసలీ ముతకా అని చూడలేదు. మెర్సియానా ముంజేయి విరిగింది. దొర్తేయాను జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చారు. నోటుపుస్తకాన్ని గుమ్మంలోనే పెట్రోలు పోసి కాల్చారు.

ట్రక్కు వెళ్ళిపోయాక ఎలియుస్ గోడకు చేరగిలబడి నెత్తురు ఉమ్మాడు. “పుస్తకం పాయె. పిల్ల పాయె. అయిపాయె.”

“ఏందిరా అయిపోయింది?” మెర్సియానా విరిగిన చేతిని రొమ్ముకు అదుముకుంది. “చెప్పినోళ్ళం బతికే ఉన్నం గద. నీకు రాయొచ్చు గద. కలం దెచ్చుకో, నడువ్.”

ఎలియుస్ ఆమె వైపు చూశాడు. తర్వాత వంగి, పగిలిన బల్ల కింద పడి ఉన్న కలం తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే నలభైమందీ సైనిక పోస్టు గేటు ముందు కూర్చున్నారు. అధికారి బయటికొచ్చాడు.

“దొర్తేయానా? ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు.”

“పొద్దున ప్రార్థన అయినంక దీస్కచ్చిండ్రు,” అంది మెర్సియానా. “పచ్చట్రక్కు. ముంగటద్దం పలిగింది. అగో, ఆడ ఉన్నది.”

“పన్నెండుమంది వచ్చిండ్రు,” అన్నాడు ఒకాయన.

“అగో ఆడు, మెట్ల మీద జుట్టు వట్టి గుంజింది ఆడే,” మగ్దలేనా లేచి వేలు చూపించింది.

ఎలియుస్ రాస్తూనే ఉన్నాడు. “రాయడం ఆపు” అని అధికారి అరిచాడు. ఆపలేదు. సైనికుడొకడు కలం లాక్కోవడానికి వంగితే మగ్దలేనా అడ్డంగా నిలబడింది. ఇంకో సైనికుడు కాల్చిన తూటా ఆమె గొంతులోంచి దూసుకుపోయింది. ఎలియుస్ ఒళ్ళో పడిందామె. కాగితం తడిసిపోయింది.

జనం పరుగెత్తుతారని అధికారి ఎదురుచూశాడు. ఎవరూ లేవలేదు. ఎలియుస్ ఏడుస్తూనే చొక్కా విప్పి నేల మీద పరిచాడు. దాని మీద రాశాడు: మగ్దలేనా హిలాపోక్. గొంతులో. గేటు ముందు. అందరం చూశాం.

ఆమె దేహాన్ని ఊరికి మోసుకెళ్ళి, లోయ ఆచారం ప్రకారం చితి పేర్చారు. తెల్లారి మళ్ళీ వచ్చి అక్కడే కూర్చున్నారు. కొండల మీది ఊళ్ళ నుంచి ఇంకో రెండువందలమంది దిగారు. చొక్కా మీది రాతను బడిపంతుళ్ళు కాగితాలకెక్కించారు. అవి సంచుల్లో, దుంపల కింద, నాలుగు దారుల్లో లోయ దాటాయి. నాలుగోరోజుకు తీరంలోని చర్చిలన్నీ, విదేశీ విలేకరులు సైతం ఒకటే అడగసాగారు: దొర్తేయా ఎక్కడ?

ఐదోరోజు పొద్దున దొర్తేయాను గేటు దగ్గరికి నడిపించుకొచ్చారు. ముఖం గుర్తుపట్టలేకుండా వాచింది. రెండు పాదాలూ కాలి ఉన్నాయి. నిలబడలేక ఊచలు పట్టుకుంది. జనాన్ని చూసింది, లెక్క చూసుకుంటున్నట్టు ఒక్కొక్కరినీ చూసింది. ఆమె మగ్దలేనా కోసం వెతుకుతోందని మెర్సియానాకు అర్థమైంది.

“చూశారుగా, బతికే ఉంది,” అన్నాడు అధికారి. “కేసు పెట్టి తీరం జైలుకు పంపుతున్నాం. ఇక లేవండి.”

మెర్సియానా లేవలేదు. కట్టుకట్టిన చేతిని ఒళ్ళో సర్దుకుంది.

“ఈ పిల్లను జూపిచ్చినవ్, మంచిది. ఇంక యాన్సెన్‌ను దీస్కరా. మా మగ్దలేనాను జంపినోన్ని దీస్కరా. మేము గూసుంటం.”

ఆమె వెనక రెండువందలమందికి పైగా సర్దుకుని కూర్చున్నారు.