షారోన్ బండికి కొత్త బ్యాటరీ

ఫోను మోగేసరికి షారోన్ చేతుల నిండా శనగపిండి. చిటికెన వేలితో నొక్కి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వింది. మొయినాబాద్ జూనియర్ కాలేజీ వాళ్లు. ఫిజిక్స్ లెక్చరర్‌గా తీసుకున్నారట, రేపే వచ్చి చేరమన్నారు. "వస్త సార్, తప్పకుండ వస్త" అని, ఆ పిండి చేతులతోనే వెళ్లి అత్త ప్రేమమ్మను వాటేసుకుంది.

"నా చీర, నా చీర" అంటూనే ప్రేమమ్మ కోడలిని వదల్లేదు. గోడ అవతల పక్కింటి జంగమ్మకు వినబడేలా, "మా కోడలు లెక్చరరైంది" అంది.

పెళ్లై ఇంకా రెండు నెలలు కాలేదు. చేవెళ్లలోని ఈ ఇంటికి షారోన్ బట్టల పెట్టెలతో పాటు తన మోటార్‌సైకిల్‌ను కూడా తెచ్చుకుంది. ఎమ్మెస్సీ చదివేటప్పుడు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న బండి. తొలిరోజు కాలేజీ గేటులోకి దాని మీదే వెళ్లాలని, ఇంటర్వ్యూ అయిన రోజు నుంచి ఒకటే కల. భర్త శాంసన్ దింపుదామన్నా, అతని ఫ్యాక్టరీ చందనవెల్లిలో. ఆ దారి వేరు, ఈ దారి వేరు.

బండేమో కొన్నాళ్లుగా మొరాయిస్తోంది. సెల్ఫ్ నొక్కితే టక్ టక్ మనడమే. కిక్ కొట్టే వీలు లేని బండి. మొన్న ఆదివారం చర్చి ముందు శాంసన్ పెళ్లి సూటులో తోస్తుంటే, పాస్టరమ్మ కూడా ఒక చెయ్యి వేసింది.

దోషి ఎవరో షారోన్ ముందే తేల్చేసింది. పెళ్లి బరాత్ కోసం శాంసన్ దోస్తులు ట్యాంకు కింద నీలం లైట్లు బిగించారు. బండి ఆపి తాళంచెవి తీసేసినా అవి ఆరవు. ఫోను వచ్చిన వెంటనే వాటిని పీకేసి, బ్యాటరీని చౌరస్తాలోని ఎల్లయ్య కొట్లో చార్జింగ్‌కు ఇచ్చి, మధ్యాహ్నం దాటాక తెచ్చి బిగించింది. అంతలో షిఫ్టు దిగి శాంసన్ వచ్చాడు.

"నీ లైట్లు బ్యాటరీని మొత్తం తాగినయి" అంది షారోన్.

"ప్రేమతోని పెట్టిచ్చిన."

"ప్రేమకు ఒక స్విచ్ గూడ పెట్టియ్యాలె గద, సారూ."

చీరల మడతల్లోంచి మల్టీమీటర్ తీసి బ్యాటరీకి ఆనించింది. పన్నెండున్నర వోల్టులు దాటింది, అంటే నిండుగా ఉన్నట్టే. ఆమె ముఖం వెలిగింది. "ఇప్పుడు సెల్ఫ్ నొక్కు."

శాంసన్ నొక్కాడు. టక్. మీటరు ఏడుకు పడిపోయింది. మళ్లీ నొక్కినా అంతే. ఇద్దరూ సందు చివరిదాకా తోసి, గేరులో వేసి స్టార్ట్ చేశారు. ఇంజను ఆపకుండా ఇంటి ముందుకు తెచ్చి చూస్తే మీటరులో పద్నాలుగు.

షారోన్ మీటరును పక్కన పెట్టింది. తప్పు లైట్లదే అయితే ఎంత బాగుండేది. "ఇంజను చార్జింగ్ మంచిగనే ఇస్తున్నది. నీ లైట్లు గూడ లేవు. బ్యాటరీకే వయసైపోయింది."

"అంటే నా తప్పు గాదు" అన్నాడు శాంసన్.

"సగం నీదే."

"హెడ్‌లైటు మండుతున్నది, హారన్ మోగుతున్నది, ఇంక బ్యాటరీకి ఏమైంది?" అంది ప్రేమమ్మ.

"లైటుకు గుక్కెడు చాలు అత్తమ్మా. సెల్ఫు ఒక్కసారే బిందెడు అడుగుతది. గది ఇయ్యలేకపోతున్నది."

"ఎట్లనో రేపొక్కరోజు తోసి నడిపిస్త" అన్నాడు శాంసన్.

"పొద్దుగాల నువ్వు తోస్తవు. సాయంత్రం కాలేజీ కాడ ఎవరు తోస్తరు, నా స్టూడెంట్లా?"

ఎల్లయ్య కొట్టుకు ఇద్దరూ ఆ బండి మీదే కలిసి వెళ్లారు. ఎల్లయ్య పాత బ్యాటరీని తన మీటరుతో చూసి, "ఖతమైంది. ఎవరు చూసిండ్రు?" అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు శాంసన్ ఛాతీ విరిచాడు. "మా ఇంటామె చూసింది. ఫిజిక్స్ లెక్చరర్." షారోన్ అతని మోచేతిని గిల్లింది గానీ, ఇంకోసారి అంటే బాగుండునని కూడా అనుకుంది.

కొత్త బ్యాటరీ పెట్టాక బొటనవేలు తాకించిందో లేదో, ఇంజను అందుకుంది. ఇంటిదాకా షారోనే నడిపింది, శాంసన్ వెనక. వాకిట్లో ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసింది.

"ఇంక చాలు, రేపటికి జర ఉంచు" అంటూ ప్రేమమ్మ గడపలోకి వచ్చింది. "నేను గూడ వస్త. మొయినాబాద్ దాక నీ వెనక కూసోని వచ్చి, నువ్వు లోపలికి పోయినంక బస్సెక్కి వస్త. జంగమ్మకు చెప్పిన, మనం బయలెల్లేటప్పుడు వాకిట్ల నిలబడుమని."